మూడుసార్లు ఒకే జవాబు

బాతెల్, వాషింగ్టన్
అక్టోబరు 2004

తమ్ముడు శంకరానికి,

నిన్నూ నీ ఇంటినీ ప్రభువు తన రెక్కల చాటున దాచునుగాక. ఈ మాట చదవగానే నువ్వు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వుతావని తెలుసు. నవ్వుకో. నీ నవ్వుకి భయపడి నా దీవెన వెనక్కి తీసుకోను.

ఫోను చేద్దామంటే నీకు వినపడదాయె. ఉక్కు ఫ్యాక్టరీలు నీ చెవులు రెండూ మింగేశాయి. మొన్న నేనొకటి అడిగితే నువ్వొకటి చెప్పావు, మధ్యలో నీ కోడలు రేణు అలిసిపోయింది. అందుకే కాగితం పట్టాను.

పద్మజ తన ఇంట్లోనే ఆరుగురు ముసలివాళ్ళని పెట్టుకుని చూసుకునే లైసెన్సు తీసుకుంది కదా. సాయానికి ఉన్న అమ్మాయి మానేసింది. ఇక నేనే వంట, నేనే బట్టలు, నేనే పక్కలు. సెప్టెంబరులో తెనాలి పంపిస్తానన్న పిల్ల, ఇప్పుడు "క్రిస్మస్ దాటనీ అమ్మా, కొత్త మనిషి దొరకనీ" అంటోంది. దాని మీద కోపం లేదు. నా కూతురు కంటినిండా నిద్రపోవడం నేనిక్కడ చూడలేదు.

కానీ తలుపు సంగతి చెప్పాలి. వీధి తలుపు పక్కన గోడకి అంకెల పెట్టె ఉంది. వరస తప్పకుండా నొక్కితేనే తలుపు తెరుచుకుంటుంది, మతి తప్పినవాళ్ళు రోడ్డు మీదికి పోకుండా. వచ్చిన కొత్తలో ఒక పెద్దాయన టై కట్టుకొచ్చి ఆఫీసుకి టైమైందంటే, పాపం కదా అని తలుపు తీశాను. ఆయన పెద్దరోడ్డు దాకా పోయాడు. ఆరోజే పద్మజ అంకెలు మార్చింది. కొత్తవి నాకు చెప్పలేదు. "నువ్వు జాలిపడతావమ్మా. నువ్వు జాలిపడితే నా లైసెన్సు పోతుంది" అంది. యోనాని మింగిన చేప మూడు రోజులకి కక్కేసింది. ఈ చేప నన్ను అరిగించుకునేట్టుంది.

అయితే నా దేవుడు చేప కడుపులో కూడా మాట్లాడతాడు! విను. ఆరుగురిలో లియోనీ అని ఒకావిడ, ఎనభై ఏళ్ళుంటాయి. పక్షవాతం వచ్చాక ఇంగ్లీషు పలకడం పూర్తిగా పోయింది. ఏదో మాట్లాడుతుంది, ఎవరికీ అంతుపట్టదు. వాళ్ళ అబ్బాయి రాజర్ "మా అమ్మ యూరప్ నుంచి వచ్చింది, చిన్నప్పుడు జర్మన్ లాంటిదేదో మాట్లాడేది" అన్నాడు. పద్మజ ఒక జర్మన్ పాస్టరుగారిని పిలిపించింది. ఆయన నోరు తెరవగానే ఈవిడ గ్లాసు విసిరింది. "అర్థంలేని మాటలు" అని పద్మజ చార్టులో రాసేసింది.

నాకు మాత్రం మొదటిరోజే తెలిసిపోయింది. ఎవరైనా కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చుంటే చాలు, లియోనీ నిటారుగా లేచి, గడ్డం ఎత్తి, ఒకే మాట మూడుసార్లు అంటుంది. లెట్సెబుయెష్, లెట్సెబుయెష్, లెట్సెబుయెష్! దేవుని సింహాసనం ముందు సెరాపులనే దూతలు మూడుసార్లు ఏమని కేక వేశారు? పరిశుద్ధుడనే కదా! ఆ తర్వాత తలుపు వైపు చెయ్యి చాపి "మాఖ్త్ దియెర్ ఒప్" అంటుంది. పరలోకపు తలుపు తెరుచుకుంటోందని ఆత్మ నాకు అర్థం చెప్పింది. ఇవి అన్యభాషలు, శంకరం, ఆత్మ పలికించే మాటలు. పెంతెకొస్తు దినాన దిగిన వరం ఒక తెల్ల ముసలమ్మ మీద దిగింది, నా కూతురి ఇంట్లో!

శనివారం మధ్యాహ్నాలు మన తెలుగువాళ్ళు ప్రార్థనకి వస్తున్నారు. మొదట విజయశ్రీ ఒక్కతే వచ్చేది, ఇప్పుడు హాలు చాలడం లేదు. లియోనీ పలుకుతుంది, నేను అర్థం చెబుతాను. పాటలు వింటే ముసలివాళ్ళకి మంచిదేలే అని పద్మజ ఊరుకుంటోంది, ఆ వేళ కాస్త నడుం వాలుస్తోంది. సభ అయ్యాక విజయశ్రీ నన్ను కార్లో బయటికి తీసుకెళ్తుంది. వారం మొత్తానికి ఆ ఒక్క పూటే గాలి.

నీ రాతిగుండె మెత్తబడాలని మోకాళ్ళ మీద ఉన్న
అక్క
కనకదుర్గ


హెర్న్‌డన్, వర్జీనియా
నవంబరు 2004

దుర్గక్కకి,

నవ్వాను. కళ్ళజోడు కూడా తుడుచుకున్నాను. తర్వాత నువ్వు తెలుగులో రాసిన ఆ ముసలమ్మ మాటల్ని పైకి చదివాను. నా గొంతు నాకు వినపడదు గానీ నాలిక వాటిని గుర్తుపట్టింది. మళ్ళీ చదివేసరికి నవ్వు పోయింది.

అక్కా, అది దేవదూతల భాష కాదు. లక్సెంబర్గ్ వాళ్ళ భాష.

అమెరికా రాకముందు నేను ఆ దేశంలో, ఎష్ అనే ఊళ్ళో, ఉక్కు ఫ్యాక్టరీలో కొన్నేళ్ళు పనిచేశాను కదా. దేశమంటే ఎంతనుకున్నావు, మన గుంటూరు జిల్లాలో పావు వంతు. ఆ కాస్త మనుషులకీ మూడు భాషలు. పేపరు జర్మన్‌లో చదువుతారు, సర్కారు కాగితం ఫ్రెంచ్‌లో రాస్తారు. పొయ్యి దగ్గర, పెళ్ళిలో, పోట్లాటలో మాత్రం సొంత భాషే. ఎదుటి మనిషి మొహం చూసి భాష మార్చేస్తారు. నేను కష్టపడి నేర్చుకున్న జర్మన్‌ని ఒకరోజు మా ఇంటావిడ మీద ప్రయోగించాను. నా ముందున్న సూప్ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. "నా బల్ల దగ్గర ఆ భాష వద్దు" అని. తర్వాత ఆవిడే పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ళ భాష నేర్పింది. మీ పాస్టరుగారి మీదికి గ్లాసు ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమైందా?

లెట్సెబుయెష్ అంటే వాళ్ళ భాష పేరు, వాళ్ళ మనిషి పేరు కూడా. "మాఖ్త్ దియెర్ ఒప్" అంటే తలుపు తియ్యండి అని. పరలోకపు తలుపు కాదు. మీ వీధి తలుపు.

ఆవిడ నిక్షేపంలాంటి మాట మాట్లాడుతోంది. నువ్వు దానికి హాలునిండా జనాన్ని పోగేశావు.

తమ్ముడు
గౌరీశంకర్


బాతెల్
నవంబరు 2004

శంకరం,

నీ ఉత్తరం చింపేశాను. మళ్ళీ నేనే టేపు పెట్టి అతికించాను.

ఫరో ఆస్థానంలో మాంత్రికులు కూడా కర్రలు పడేసి పాములు చేశారు. దేవుని కార్యం పక్కనే దానికొక నకలు నిలబెట్టడం సైతాను పాత పని. ఇప్పుడు నీ ఉక్కు ఫ్యాక్టరీ చదువు వచ్చి నిలబడిందా? ఎక్కడో సముద్రాలవతల దేశం, దాని భాష ఈ బాతెల్‌లో, మా హాల్లో, సరిగ్గా నా తమ్ముడికే తెలిసిన భాష అంటే నమ్మమంటావా? నమ్మితే, అది నా అద్భుతం కంటే పెద్ద అద్భుతం.

సరే, ఒక్కటి చెప్పు. ఎవరైనా తన భాష పేరు మూడుసార్లు ఎందుకు అంటారు? ఒకసారి చాలదా? కాగితం చూసినప్పుడే ఎందుకు? దీనికి నీ దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది.

ఇంకో సంగతి. లియోనీ ఈమధ్య తలుపు బాదుతోంది. రాజర్ ఆవిడని ఊరవతల పెద్ద హోంలో తాళం వేసే వార్డుకి మార్చాలంటున్నాడు. క్రిస్మస్‌కి ముందు స్టేట్ నర్సు వచ్చి పరీక్ష చేస్తుంది. "మాట్లాడేది అర్థంలేనిదని తేలితే పంపేస్తారమ్మా. అక్కడ మాత్రలు వేసి పడుకోబెడతారు. నేను ఆపలేను" అంది పద్మజ. గిన్నె తోముతూ విన్నాను.

నీ మాటే నిజమైతే ఆవిడకి తాళం తప్పుతుంది. నీ మాటే నిజమైతే నేను ఇన్ని శనివారాలు దేవుని నోట్లో నా మాటలు పెట్టినట్టు. అప్పుడు ఎవరొస్తారు ఆ హాలుకి? విజయశ్రీ కారు నాకోసం ఎందుకాగుతుంది? నాకు మిగిలేది గోడ, దాని మీద అంకెల పెట్టె.

నీ మాట నిజం కాదు. కాకూడదు.

అక్క


హెర్న్‌డన్
నవంబరు 2004

అక్కా,

మూడుసార్లు ఎందుకని అడిగావు. జవాబు ఉంది.

యుద్ధంలో జర్మన్లు లక్సెంబర్గ్‌ని ఆక్రమించుకున్నారు. 1941లో ఇంటింటికీ కాగితం పంపారు. అందులో మూడు ప్రశ్నలు. నీ దేశం ఏది? నీ మాతృభాష ఏది? నీ జాతి ఏది? లక్సెంబర్గ్ భాష అసలు భాషే కాదు, జర్మన్‌లో ఒక యాస, ఆ మాట రాయడానికి వీల్లేదని ముందే హెచ్చరించారు. జనం చేత జర్మన్ అని రాయించుకుంటే ఆ దేశమే లేదని లోకానికి చూపించొచ్చని వాళ్ళ ఎత్తు. తుపాకీలు వీధిలో తిరుగుతుండగా జనం మూడు ప్రశ్నలకీ ఒకే జవాబు రాశారు. లెట్సెబుయెష్. లెట్సెబుయెష్. లెట్సెబుయెష్. ఆ జనాభా లెక్కని జర్మన్లే ఆపేయాల్సి వచ్చింది. మా ఇంటావిడ ఈ సంగతి చెప్పాల్సివస్తే కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పేది.

మీ లియోనీకి అప్పుడు పదిహేడేళ్ళుంటాయి. కాగితమూ కలమూ పట్టుకుని ఎదురుగా కూర్చున్న ప్రతివాడూ ఇప్పుడావిడకి ఆ మనిషే.

బాప్తిస్మం రోజున పాస్టరుగారు నిన్ను పేరు మార్చుకోమన్నారు, గుర్తుందా? "కనకదుర్గ అని తెలిసే కదా దేవుడు నన్ను పిలిచాడు, ఆ పేరుతోనే పరలోకం వెళ్తాను" అన్నావు. నాన్న నీతో మాట్లాడ్డం మానేసిన రోజు కూడా అదే. నీ దేవుణ్ణి నేను నమ్మను గానీ, ఆ రోజు నిన్ను నమ్మాను. ఆవిడ మాటలో ఉన్నది అదే అక్కా.

కాగితం లేకుండా ఆవిడ దగ్గరికి వెళ్ళు. "మొయెన్" అను. అది వాళ్ళ పలకరింపు. తర్వాత "వాత్ ఫేల్త్ ఇయెష్" అను. మీకేం ఇబ్బంది అని అడగడం. ఏం చెబితే అది చెవికి ఎలా తోస్తే అలా తెలుగులో రాసి పంపు. అర్థం మాత్రం నువ్వు చెప్పకు.

శంకరం


బాతెల్
డిసెంబరు 2004

శంకరం,

దేవుడు ఒకప్పుడు గాడిద నోరు తెరిచి ప్రవక్తకి బుద్ధి చెప్పాడు. కాబట్టి నిన్ను వాడుకున్నాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే లియోనీ కిటికీ దగ్గర ఉంది. చేతులు తుడుచుకుని, ఖాళీ చేతులు ఆవిడకి కనపడేట్టు పట్టుకుని, ఎదురుగా కూర్చున్నాను. ఎన్ని సభల్లో మైకు పట్టుకున్నదాన్ని, ఆ ఒక్క ముక్కనీ లోపల పదిసార్లు వల్లించుకున్నాను. "మొయెన్" అన్నాను.

ఆవిడ ముందుకి వంగింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది, మాటలు మాటలు మాటలు, కట్ట తెగినట్టు. బాబెలు దగ్గర దేవుడు చెదరగొట్టిన భాషల్లో ఒక ముక్క నా ఒళ్ళో పడింది. నాకు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ అర్థం ఉందని అర్థమైంది.

"వాత్ ఫేల్త్ ఇయెష్" అన్నాను. ఆవిడ ఏడుపు ఆపింది. నన్ను వేలెత్తి చూపింది, తలుపుని చూపింది. పసిపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా అంది. "మాఖ్త్ దేర్ ఫ్రా దియెర్ ఒప్, జి వెల్ ఒఖ్ ఎరౌస్."

ఈ మాట నాకు కొత్త కాదు. కొన్ని వారాలుగా సభలో ఇదే అంటోంది. సీయోను కుమారీ లెమ్ము, పెండ్లికుమారుడు వస్తున్నాడు అని నేను దీనికి అర్థం చెప్పాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. అసలు అర్థం రాయి. ఏమని రాస్తావో అని భయంగా ఉంది.

స్టేట్ నర్సు వచ్చే రోజు దగ్గరపడింది. పద్మజకి ఇంకా చెప్పలేదు. చెబితే శనివారం పోతుంది. ఎంత నీచమైన మాట రాశానో చూశావా? ఒక ముసలిదాని తాళాన్నీ నా ఒక్క పూట గాలినీ తక్కెడలో వేసి తూస్తున్నాను. త్వరగా రాయి.

అక్క


హెర్న్‌డన్
డిసెంబరు 2004

అక్కా,

"ఆ ఆడమనిషికి తలుపు తియ్యండి. తనకీ బయటికి వెళ్ళాలనుంది."

ఇంతే. ఆ ఆడమనిషి ఎవరో నేను చెప్పక్కర్లేదు.

నువ్వు ఆ తలుపు దగ్గర నిలబడి ఏం చేస్తుంటావో నాకు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. చూసినావిడ నీ చేతే రాయించింది.

నేను విమానమెక్కి వచ్చేవాణ్ణే. వచ్చినా ఆవిడ మాట నాకు వినపడదు. భాష తెలిసినవాడికి చెవుల్లేవు, చెవులున్నదానికి భాష రాదు. మనిద్దరం కలిస్తే ఒక మనిషి. అందుకని వెనక పేజీ నిండా రాశాను, పేరు అడగడం, ఊరు అడగడం, ఆకలి, నొప్పి, అవును, కాదు. నోటికి పట్టించుకో, వాక్యాలు కంఠస్థం చేసినదానివే కదా. నర్సుతో ముందు కాగితం పక్కన పెట్టించు. పద్మజకి ఈ పూటే చెప్పు.

శంకరం


బాతెల్
డిసెంబరు 2004

తమ్ముడికి,

నీ ఉత్తరం శనివారమే వచ్చింది. పద్మజ లోపల పడుకుని ఉంది, హాల్లో జనం చెప్పులు విడుస్తున్నారు. పాట అయ్యాక లేచాను. లియోనీని ఏమీ పలకమని అడగలేదు.

"పేతురు చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు, నువ్వు యేసు శిష్యుడివేనా అని మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ 'నేను కాదు, నాకు తెలియదు' అన్నాడు" అన్నాను. "ఈవిడ పదిహేడేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు తుపాకీ పట్టినవాళ్ళు మూడుసార్లు అడిగారు. వీళ్ళ ఊళ్ళో ఒక్కరూ కాదనలేదు! మనం విన్నది ఆ జవాబు. అన్యభాష కాదు. ఈవిడ అమ్మ పాలిచ్చేటప్పుడు మాట్లాడిన భాష. ఈ గదిలో పేతురు ఎవరని అడిగితే, నేను."

విజయశ్రీ లేచింది. "మరి ఆంటీ, ఇన్నాళ్ళూ మీరు చెప్పిన అర్థాలు?"

"నావి."

"దేవుడివి అన్నారు."

"ఆయన్ని అడక్కుండా ఆయన పేరు పెట్టానమ్మా. అర్థం చెప్పేవాడు లేకపోతే సంఘంలో నోరు మూసుకోవాలని లేఖనంలో ఉంది. ఊళ్ళో అందరికీ చెప్పాను, నేను వినలేదు."

"మా పాప సర్జరీ వాయిదా వేసుకుందామనుకున్నాం ఆంటీ, మీ మాట విని" అంది వెనక నుంచి శశికళ. శంకరం, ఆ మాట నా పక్కటెముకల్లో ఇంకా ఉంది. వెళ్ళి చేయించండమ్మా, రేపే చేయించండి అని ఆ పిల్ల కాళ్ళు పట్టుకున్నాను. సగంమంది చెప్పులు వేసుకున్నారు. తలుపు తియ్యడానికి వచ్చిన పద్మజ మెట్ల మీదే నిలబడిపోయింది.

"లియోనీకి భాష ఉందా అమ్మా? నేను చార్టులో ఏం రాశానో తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే శనివారం పోతుందని."

దానికి కోపం రావాల్సింది. రాలేదు. మెట్టు మీద కూర్చుని, "నీకు అంత ఇరుకుగా ఉందా ఇక్కడ?" అంది. మొదటిసారి, శంకరం, నా దగ్గర వాక్యం లేదు.

నర్సు మంగళవారం వచ్చింది. రాజర్ కూడా వచ్చాడు. ఆవిడ ఫైలు తెరిచి కలం తీసి మొదటి ప్రశ్న అడిగింది. లియోనీ గడ్డం ఎత్తింది. మూడుసార్లు అంది. నర్సు ఏదో రాయబోయింది. నాకొచ్చిన ఇంగ్లీషంతా పోగేసుకుని "పేపర్ డౌన్, ప్లీజ్, పేపర్ డౌన్!" అని అరిచాను. సభలో అరిచినట్టే అరిచాను, పాపం ఆవిడ ఉలిక్కిపడి ఫైలు కింద పెట్టేసింది. అప్పుడు నేను మొయెన్ అన్నాను, పేరు అడిగాను. లియోనీ చెప్పింది. ఊరు అడిగాను. చెప్పింది. కొడుకెవరని అడిగితే రాజర్ని చూపించి, వాడి చెంప మీద ఒక్కటి చిన్నగా వేసింది.

రాజర్ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పద్మజ నాకు తెలుగులో చెప్పింది, అతనన్నది. "నాకు స్నానం చేయించేటప్పుడు అమ్మ ఈ మాటలే అనేది, బయట మాట్లాడితే మమ్మల్ని జర్మన్లనుకుని పిల్లలు నన్ను కొట్టేవాళ్ళు, నేనే మానెయ్యమన్నాను" అని.

తాళం వార్డు మాట ఆగింది. ఆ భాష వచ్చిన మనిషిని ఫోన్లో వెతుకుతామని నర్సు చెప్పింది. పద్మజ చార్టులో పాత మాట కొట్టేసి కొత్తది రాసింది.

నా సంగతి అడుగుతావు. టిక్కెట్టు మాట ఎవరూ ఎత్తలేదు. కొత్త మనిషి దొరకలేదు. ఈ శనివారం విజయశ్రీ కారు రాలేదు. హాల్లో ఇద్దరే కూర్చున్నారు. ఒకతె శశికళ. ఎందుకొచ్చావమ్మా అంటే, "ఈసారి నిజం చెబుతారని" అంది.

నిన్న పొద్దున పద్మజ తలుపు తీసింది. అంకెలు నాకు చెప్పలేదు. కానీ నేను పక్కనుండగా, ఎప్పటిలా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నొక్కింది. నేను చూశాను. నేను చూస్తున్నానని దానికి తెలుసు. లియోనీని పట్టుకుని పోస్టు డబ్బా దాకా వెళ్దామని బయల్దేరాను. గడప దాటాక ఆవిడ ఆగింది. తన వాకర్ని వెనక్కి తోసి, తలుపు మూసుకోకుండా దానికి అడ్డంగా నిలబెట్టి, నా భుజం పట్టుకుని నడిచింది. సన్నగా వాన. వెనక అంకెల పెట్టె, తలుపు మూయమని, కూత మొదలుపెట్టింది.

పద్మజ గబగబా గుమ్మంలోకి వచ్చింది. లియోనీ డబ్బా దగ్గర నుంచే తిరిగి, గడ్డం ఎత్తి, వాకర్ని చూపిస్తూ అంది. "లోస్త్ దియెర్ ఒప్."

"ఏమంటోందమ్మా?" అంది పద్మజ.

చివరి రెండు ముక్కలూ నాకు తెలుసు, తలుపు, తెరిచి. మొదటిది తెలియదు. అర్థం నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మీ మామయ్యకి రాసి అడుగుతాను" అన్నాను.

కాబట్టి రాయి, శంకరం. నీ జవాబు వచ్చేదాకా నేను చెప్పను. నిన్న పద్మజ మాత్రం ఆ వాకర్ని పక్కకి జరపలేదు, దాన్ని దాటుకుని మా దగ్గరికి వచ్చింది. పెట్టె కూస్తూనే ఉంది, ముగ్గురం వానలో నిలబడే ఉన్నాం.

నీ అక్క
కనకదుర్గ